ముంపు ఊరి శిల్పం ఎలా ఉండాలి: చీమకుర్తి రాతిపనివాడి జవాబు

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది వెలిగొండ ప్రాజెక్టు కింద మునిగే ఊరు. పునరావాస కాలనీలో ఊరి గుర్తుగా ఒక శిల్పం పెట్టాలని కుర్రాళ్లంతా చందాలు వేసుకున్నారు. బొమ్మలు చేసే ఒకాయన ఫైబర్‌లో చేసిస్తానని స్కెచ్ ఇచ్చారు. అందులో సూట్‌కేసు పట్టుకున్న భర్త, కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న భార్య, ఆమె చేయి పట్టుకున్న పిల్లవాడు, వెనక ఉదయించే సూర్యుడు, పైన పావురం ఉన్నాయి. అది మీకు నచ్చలేదు, కానీ ఎందుకు నచ్చలేదో చెప్పలేకపోతున్నారు. కంచు పోతకు డబ్బు చాలదు. ఏం చేయమంటారని అడిగారు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా రాతిపనిలో ఉన్నాను. మహాబలిపురంలో పని నేర్చుకుని, చీమకుర్తి క్వారీల పక్కన షెడ్డు వేసుకున్నాను. గుడి పనులు, నాయకుల విగ్రహాలు, సమాధి రాళ్లు అన్నీ చేశాను. ఊరు వదిలిన మనుషుల మీద మూడు పనులు చేశాను. వాటిలో రెండు చెడిపోయాయి. ఆ రెండూ ఎందుకు చెడ్డాయో చెబితే మీకు ఉపయోగపడుతుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిది కండలేరు ముంపు కుటుంబాల కాలనీ ఒకదాని కోసం చేసింది. మద్రాసుకు తాగునీళ్లు ఇవ్వాలని 1983లో ఒప్పందం కుదిరింది. ఆ తెలుగుగంగ పథకం కిందే రాపూరు దగ్గర 68 టీఎంసీల కండలేరు జలాశయం కట్టారు. ఆ నీళ్ల కింద ఊళ్లు పోయాయి. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. ముంపు అనగానే నాకు కన్నీళ్లే తట్టాయి. ఒక తల్లి, ఒళ్లో బిడ్డ, చెంపల మీద నీటి చుక్కలు కూడా కనిపించేలా చెక్కాను. ఏడడుగుల దిమ్మె మీద నిలబెట్టాను. అందరూ బాగుందన్నారు. ఒక ముసలమ్మ మాత్రం కింద నిలబడి చాలాసేపు చూసి, "ఎవరు నాయనా ఈమె?" అని అడిగింది.

"మీరే అమ్మా. ఊరు వదిలి వస్తున్నప్పుడు."

"ఆ రోజు ఏడవడానికి తీరికెక్కడిది? లారీ అతను గంటలో ఎక్కించమన్నాడు. రెండు కోళ్లు దొరకనే లేదు. రోలు ఎత్తడానికి నలుగురు పట్టారు. మా ఆయన గుమ్మం పీకుతుంటే నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏడిచింది ఇక్కడికి వచ్చాక నాయనా. పొయ్యి ఏ మూలన పెట్టాలో తెలియక కూర్చుని ఏడిచాను."

ఆమె మాటలో కోపం లేదు. జరిగింది చెప్పింది, అంతే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నేను ఒక్క మనిషిని కూడా ఏం జరిగిందని అడగలేదు. నా మనసులో ఉన్న బాధను చెక్కి వాళ్ల బాధ అని పేరు పెట్టాను. మీ స్కెచ్ మీకు నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటున్నాను. అందులో మీ ఊరు లేదు. ఆ భార్యాభర్తలు ఎక్కడి వాళ్లైనా కావచ్చు. మీ ఊళ్లో ఎంతమంది సూట్‌కేసుతో బయల్దేరారు?

ఆ సూట్‌కేసు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. బ్రూనో కాతలానో అనే ఫ్రెంచి శిల్పి కంచు బొమ్మల ఫొటోలు ఇంటర్నెట్లో మీరూ చూసే ఉంటారు. చేతిలో పెట్టెతో నడుస్తున్న మనిషికి ఛాతీ, పొట్ట ఉండవు. ఆ ఖాళీలోంచి వెనక సముద్రం కనిపిస్తుంది. 2013లో మార్సెయ్ రేవు పట్టణంలో వాటిని పెట్టినప్పటి నుంచి ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఆయన మొరాకోలో పుట్టి చిన్నప్పుడే మార్సెయ్ వచ్చినవాడు, కొన్నాళ్లు ఓడల్లో పనిచేసినవాడు. ఓడ రేవులో పెట్టెతో దిగడం ఆయన చూసిన బతుకు. వదిలి వచ్చిన చోట మనిషిలో కొంత భాగం ఉండిపోతుందనే సంగతిని ఆయన ఆ ఖాళీతో చూపించాడు, అది నాకు చాలా ఇష్టం. దాన్ని తెచ్చి మార్కాపురం పక్కన పెడితే మాత్రం అతకదు.

వలసకో సామాను ఉంటుంది. మన నెల్లూరు, ప్రకాశం వైపే చూడండి. రాపూరు, గూడూరు వైపు నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్ల చేతిలో తాళ్లతో బిగించి కట్టిన బ్యాగు ఉంటుంది, దాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో పేరు రాసి ఉంటుంది. కనిగిరి, పామూరు వైపు నుంచి గుంటూరు మిరపకోతలకు వెళ్లేవాళ్లు సత్తు గిన్నెలు, టార్పాలిన్, బియ్యం మూట, పిల్లల్ని ఒకే ట్రాలీలో ఎక్కిస్తారు. బెంగుళూరు, హైదరాబాదు బిల్డింగు పనులకు వెళ్లేవాడి దగ్గర ఎరువుల సంచి, అందులో రెండు జతల బట్టలు, తాపీ. 1969లో శ్రీహరికోటను రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేశాక ఆ దీవి వదిలి రావలసి వచ్చిన యానాదుల దగ్గర వలలు, బుట్టలే కదా ఉండేది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరిందని మనం పిల్లలకు గర్వంగా చెబుతాం. గర్వపడాల్సిందే. ఆ నేల మీద అంతకు ముందు ఎవరుండేవారో కూడా అదే నోటితో చెప్పాలని నా కోరిక.

ముంపు వలసలో సామాను ఇంకా వేరుగా ఉంటుంది, ఎందుకంటే తిరిగి రావడం ఉండదు. కూలికి వెళ్లేవాడు తాళం వేసి వెళ్తాడు. ముంపు ఊరివాడు ఆ తాళం వేసిన తలుపునే పీక్కుని పోతాడు. ద్వారబంధం, దూలాలు, వాసాలు, కిటికీ చువ్వలు, రోలు, తిరగలి, గడప రాయి అన్నీ లారీ ఎక్కుతాయి. ఇంటిని ముక్కలు చేసి మోసుకెళ్లడం చూసినవాళ్లు మరిచిపోలేరు. మీ శిల్పం అక్కడే ఉంది. నేను చెప్పేదాకా ఆగకుండా ముందు కాలనీలో ఇల్లిల్లూ తిరిగి ఒకే ప్రశ్న అడగండి: "వచ్చేటప్పుడు ఏం తెచ్చుకున్నారు? ఏం తేలేకపోయారు?" బాధగా ఉందా అని అడగొద్దు. ఆ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో వస్తువు బయటికి వస్తుంది.

ఇక మనిషి బొమ్మ సంగతి. ఊరు వదిలే మనిషిని చేయాలంటే ముఖం కన్నా ముందు బరువును చేయాలి. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. తల మీద మూట ఉన్న ఆడమనిషి ముందుకు వంగదు. మెడ, వెన్ను నిట్టనిలువుగా ఉంటాయి, కదలికంతా నడుము కింద జరుగుతుంది, ఒక చేయి పైకి లేచి మూటను తాకీ తాకనట్టు ఉంటుంది. భుజానికి సంచి వేలాడితే ఆ భుజం పైకి లేస్తుంది, ఒళ్లు రెండో వైపుకు ఒరుగుతుంది. వీపు మీద బరువుంటే ముందుకు వంగక తప్పదు. చంకన బిడ్డ ఉంటే ఆ వైపు తుంటి బయటికి వస్తుంది. కావడి మోసేవాడు మోకాళ్లు కొంచెం వంచి, బద్ద ఊగే లయకు కలిసేలా చిన్న చిన్న అడుగులతో పరుగులాంటి నడక నడుస్తాడు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న పెద్దవాళ్ల నడక మళ్లీ వేరు, వాళ్లు ఒళ్లంతా ఒకేసారి తిప్పుతారు. ఇవన్నీ ఫొటోల్లో దొరకవు. బస్టాండులో ఒక పూట కూర్చుని పెన్సిల్‌తో గీతలు గీసుకోండి, చాలు.

ఈ సంగతి మన శిల్పులకు ఎప్పటి నుంచో తెలుసు. మహాబలిపురం కృష్ణ మండపంలో గోవర్ధన గిరి ఎత్తిన శిల్పం ఉంది. 7వ శతాబ్దపు పని. అందరూ కృష్ణుణ్ణి చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పని నేర్చుకునే రోజుల్లో మా గురువు గారు నన్ను కృష్ణుడి పక్కనున్న జనం ముందు కూర్చోబెట్టేవారు. వాన దెబ్బకు ఇల్లూ వాకిలీ వదిలి కొండ కిందికి చేరిన పల్లె జనం వాళ్లు. తల మీద కుండలు పెట్టుకున్న ఆమె ఉంది, భుజాల మీద బిడ్డను కూర్చోబెట్టుకున్నవాడు ఉన్నాడు, ఒకాయన ఆ గందరగోళంలోనే ఆవు పాలు పితుకుతున్నాడు, ఆవు తన దూడను నాకుతోంది. ఒక్కరి ముఖంలో ఏడుపు లేదు. ఎక్కడికి వచ్చినా పని ఆగలేదు. కండలేరు ముసలమ్మ నాతో అన్నమాట పదమూడు వందల ఏళ్ల కిందటే రాతిలో ఉందని నాకు ఆమె చెప్పాకే తెలిసింది.

ఇంకొకటి తప్పకుండా చూడండి, వెళ్లలేకపోతే ఫొటోలైనా. రామ్‌కింకర్ బైజ్ అనే బెంగాలీ శిల్పి 1938లో శాంతినికేతన్‌లో చేసిన 'సంథాల్ కుటుంబం'. పని వెతుక్కుంటూ పోతున్న సంతాలీ కుటుంబం అది. మగమనిషి భుజం మీద కావడి. ఒక బుట్టలో సామాను, ఇంకో బుట్టలో బిడ్డ. ఆడమనిషి తల మీద బరువు, చంకన పసిపిల్ల. పక్కనే కుక్క. మన కావడే అది! ఆయన దగ్గర కంచుకు డబ్బు లేదు. ఇనుప కట్టు మీద సిమెంటు, అక్కడి నేలలో దొరికే ఎర్ర కంకర కలిపి విసిరి విసిరి కట్టాడు. ఆ నేల మీద నడిచే మనుషుల్ని ఆ నేలతోనే చేశాడు. ఎత్తైన దిమ్మె పెట్టలేదు, అందుకే వాళ్లు మన పక్క నుంచే వెళ్తున్నట్టు ఉంటుంది. 1956లో 'మిల్లు పిలుపు' చేశాడు. మిల్లు కూత విని ఇద్దరు ఆడవాళ్లు పరుగెడుతుంటారు, తడి చీరలు గాలికి ఆరుతూ వెనక ఎగురుతుంటాయి, పిల్లవాడు వెంటపడుతుంటాడు. కడుపు కోసం పరుగే అయినా దాంట్లో ఎంత ఊపు ఉందో చూస్తే తెలుస్తుంది. ఆశ అంటే ఏమిటో శిల్పంలో నాకు చూపించింది ఆ ఎగిరే చీర కొంగులే. మీ స్కెచ్‌లో సూర్యుడు, పావురం చేయాల్సిన పని ఒక్క కొంగు చేయగలదు.

ఆ ఆశను నా కళ్లతో చూసింది 2020లో. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో చెన్నై వైపు నుంచి జనం 16వ నంబరు జాతీయ రహదారి మీద నడిచి వచ్చారు. తడ, నాయుడుపేట, నెల్లూరు, కావలి దాటి మన ఒంగోలు మీదుగా ఒడిశా, బీహార్ వైపు వెళ్లిపోయారు. మేము కొందరం టంగుటూరు దగ్గర రోడ్డు పక్కన పందిరి వేసి మజ్జిగ, పులిహోర ఇచ్చాం. షెడ్డులో పని లేదు కాబట్టి నేను రోజంతా అక్కడే ఉండేవాణ్ణి. వాళ్ల చూపు ఎక్కడుంటుందో గమనించాను. ఆకాశం వైపు చూసిన వాళ్లు లేరు, వెనక్కి తిరిగి చూసిన వాళ్లు లేరు. రెండు మూడడుగుల ముందు రోడ్డు మీదే చూపు. తినడానికి ఆగినప్పుడు మాత్రం ఇంకా ఎన్ని కిలోమీటర్లు అని అడిగేవాళ్లు. చెబితే తల ఊపి లేచేవాళ్లు. ఆ లేవడంలో, వెనక కాలి మడమ నేల వదిలే క్షణంలో ఆశ ఉంది తమ్ముడూ. ఇంటికి చేరతామనే నమ్మకం లేని మనిషి ఆ ఎండలో మడమ ఎత్తలేడు. అప్పటి నుంచి నడిచే బొమ్మ ఏది చేసినా వెనక మడమ లేపకుండా చేయలేదు.

ఆ ఏడాది దసరాకు కలకత్తాలో బరిషా క్లబ్బు వాళ్లు దుర్గమ్మనే వలస కూలి తల్లిగా నిలబెట్టారు. పల్లవ్ భౌమిక్ చేసిన బొమ్మ. కార్తికేయుణ్ణి చంకనెత్తుకుని, మిగతా పిల్లల్ని వెంటబెట్టుకుని నడుస్తుంటుంది. పేపర్లో ఆ ఫొటో చూసి కత్తిరించి షెడ్డు గోడకు అంటించుకున్నాను. ఇప్పటికీ ఉంది.

మీ ఊరి సంగతిలో ఇంకో ముడి ఉంది. దాన్ని శిల్పంలో వదిలేస్తే మాత్రం పని సగమే అవుతుంది. వెలిగొండ ఎందుకు కడుతున్నారు? శ్రీశైలం వెనక నీళ్లను దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల్లో కొండ దాటించి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలను ఆనకట్టలతో మూసి నల్లమల సాగర్‌లో నిలపాలని. మార్కాపురం, కనిగిరి, పొదిలి లాంటి కరవు మండలాలకు సాగునీళ్లు, మంచి తాగునీళ్లు ఇవ్వాలని. ఆ నీళ్లు వస్తే మిరపకోతలకు, బెంగుళూరుకు పోవడం తగ్గుతుందని అందరి ఆశ. అంటే ఇన్ని మండలాల వలస ఆపడం కోసం మీ ఊళ్లు వలస వెళ్లాలి. మీ ఇంటి మీద నిలిచే నీళ్లే ఇంకొకరి పొలంలో పారతాయి. మీ కాలనీలో పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. వాళ్లతో మాట్లాడితే పోయినదాని దిగులు, ఇచ్చామనే తృప్తి, రావాల్సింది ఇంకా రాలేదనే కోపం ఒకే మాటలో వస్తాయి. ఒక్క ఏడుపు ముఖం ఇన్నింటిని మోయలేదు.

అందుకని నా సలహా రెండు చోట్ల పని చేయమని. ఇది నా సొంత ఆలోచన కాదు. ఐర్లండులో 1840ల్లో కరవు వచ్చి జనం ఓడలెక్కి పోయారు. రోవన్ గిల్లెస్పీ అనే శిల్పి డబ్లిన్ రేవులో 1997లో ఎముకల గూళ్లలాంటి మనుషులు ఓడ వైపు నడుస్తున్నట్టు కంచు బొమ్మలు పెట్టాడు. పదేళ్ల తర్వాత, 2007లో, కెనడాలో టొరంటో రేవులో అవే మనుషులు దిగుతున్నట్టు ఇంకో గుంపును పెట్టాడు. 1847లో ఒక్క ఏడాదే 38 వేల మందికి పైగా ఐరిష్ జనం దిగిన ఊరు అది. అక్కడ ఒకడు రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి నిలబడి ఉంటాడు. బయల్దేరిన చోట ఒకటి, చేరిన చోట ఒకటి. మధ్యలో సముద్రం. మీకు మధ్యలో జలాశయం ఉంటుంది.

చేరిన చోట, అంటే కాలనీలో, ఒక ద్వారబంధం నిలబెట్టండి. ఎవరైనా తమ పాత ఇంటి చెక్క గుమ్మం ఇస్తే దాని కొలతలతోనే రాతిలో చెక్కించండి. అసలు చెక్కను బయట పెడితే మన ఎండకు, వానకు, చెదకు నిలవదు, దాన్ని కమ్యూనిటీ హాల్లో ఉంచండి. పసుపు రాసిన గడప, పైన తోరణం మేకులు, పక్కన దీపం గూడు ఏవి ఉంటే అవి రాతిలో రావాలి. ఆ గుమ్మంలోంచి ఒక కుటుంబం ఇవతలికి అడుగు వేస్తున్నట్టు ఒకే పలకరాయిలో సగం ఉబ్బెత్తుగా చెక్కాలి. బొమ్మలు నేల మట్టంలో ఉండాలి, దిమ్మె వద్దు. మీ అమ్మగారు నడుస్తూ వెళ్తే ఆ రాతి ఆడమనిషి ఆమె భుజం పక్కనే కనిపించాలి. విడి బొమ్మలుగా ఎందుకు వద్దంటున్నానంటే, రాతిలో నడిచే కాలు బలహీనం. చీలమండ దగ్గర సన్నగా చేస్తే క్రేను దించేటప్పుడే విరిగిపోతుంది. వెనక రాయి పట్టుకుని ఉంటే మడమ ఎంత లేపినా భయం లేదు.

బయల్దేరిన చోట, జలాశయం గట్టు మీద కాకుండా మీ ఊరి వైపు చూసే మెరకలో, అనుమతి దొరికిన చోట, మనుషులు లేని ఒక గడప రాయి చాలు. అంతకన్నా ఏమీ వద్దు.

రాయి గురించి చెబుతాను, ఇది నా ఇల్లు లాంటిది కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతానేమో. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా వెళ్తుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు కనిపించేది బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల. ఎగుమతికి పనికిరాని ముక్కలు, వంకర దిమ్మెలు క్వారీల దగ్గర గుట్టలుగా ఉంటాయి. చీలిక లేకుండా ఉంటే శిల్పానికి అవే బంగారం, మంచి బ్లాకు ధర కన్నా చాలా తక్కువకు వస్తాయి. సుత్తితో తట్టి వినండి, గంటలా మోగాలి. మొద్దుగా పలికితే లోపల పగులు ఉంది. బరువు మాత్రం మరవొద్దు, క్యూబిక్ అడుగు 85 కిలోల దాకా ఉంటుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర మందం ఉన్న ఒక్క రాయి ఒకటిన్నర టన్నులు. క్రేను, పునాది ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఈ రాతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. ఉలి దెబ్బ పడిన చోట బూడిద రంగులో ఉంటుంది, పాలిష్ పట్టిన చోటే నల్లగా మెరుస్తుంది. కాబట్టి గుమ్మం అంతా ఉలి గుర్తులతో గరుకుగా వదిలేసి, గడప మధ్యలో మాత్రం, తరతరాలుగా కాళ్లు తొక్కి అరిగిన చోట, కొద్దిగా గుంట చేసి పాలిష్ పట్టించండి. ఆ ఒక్కచోట బంగారు చుక్కలు బయటపడతాయి. నా షెడ్డులో పాలిష్ పట్టేది ఒడిశా కుర్రాళ్లు. వాళ్లూ ఇల్లు వదిలి వచ్చినవాళ్లే. ఈ పని దేనికో చెబితే ఇంకా శ్రద్ధగా చేస్తారు.

ఇళ్ల పేర్లకు మార్కాపురం పలకరాయి వాడండి. మీ పక్కనే దొరుకుతుంది, ఒకప్పుడు బడిపిల్లలందరూ దాని మీదే అక్షరాలు దిద్దారు. ప్రతి ఇంటికీ ఒక పలక. దాని మీద ఇంటి పేరు, తెచ్చుకున్న ఒక వస్తువు. 'తిరగలి', 'జామ మొక్క', 'అత్తగారి మంచం' ఇలా వాళ్లు చెప్పిందే. పలకరాయి పొరలు పొరలుగా విడిపోయే రాయి కాబట్టి దాన్ని పడుకోబెట్టి అమర్చొద్దు, నీళ్లు నిలిచి పొరలు లేస్తాయి. నిలువుగా పెట్టి వెనక గాలి ఆడేలా కొంచెం సందు వదలండి. రంధ్రాలు వేసేటప్పుడు డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో ఉంటే పలక పగులుతుంది. అక్షరాలు ఒకటిన్నర అంగుళాల కన్నా చిన్నవి వద్దు, లోతు మూడు నాలుగు మిల్లీమీటర్లు. కంప్యూటర్ కటింగ్ వాళ్లు తెలుగు వత్తులు పక్క గీతకు అతుక్కునేలా ఇరికిస్తారు, అక్కడే అంచు రాలిపోతుంది. వరుసకూ వరుసకూ మధ్య చోటు ఎక్కువ వదలమని పట్టుబట్టండి. అచ్చు తప్పులు ఇంటివాళ్లతోనే చూపించుకోండి. రాతిలో పడ్డాక దిద్దలేం.

ఇప్పుడు నా రెండో చెడిపోయిన పని. సునామీ తర్వాత కొత్తపట్నం వైపు ఒక పల్లెలో, అల తీసుకెళ్లిన ఇళ్ల గుర్తుగా సిమెంటుతో పడవ, పడవ మోస్తున్న మనుషులు చేశాను. రామ్‌కింకర్ గారి పద్ధతే అనుకున్నాను. పని తొందరలో అక్కడి బోరు నీళ్లే కలిపాం, మామూలు ఇనుమే వాడాం, పైన సిమెంటు అంగుళం కూడా లేదు. మెటీరియల్ తెచ్చిన కాంట్రాక్టరు ఇసుక ఎక్కడిదో నేను అడగలేదు. ఆరేళ్లకు ఉప్పుకు ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, మనుషుల చేతులు నిలువునా చీలాయి. ఆ పల్లె వాళ్లు నన్ను ఏమీ అనలేదు. వాళ్లే చీలిన చేతులకు సిమెంటు పూసుకున్నారు. అది చూసి చాలా బాధపడ్డాను. మీరు సముద్రానికి దూరం, అయినా సిమెంటు వాడితే తాగగలిగిన నీళ్లే కలపండి. ఇనుము గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ ఉండాలి, దాని మీద సిమెంటు కనీసం రెండంగుళాలు, తడి గోనెలు కప్పి రెండు వారాలు తగ్గకుండా క్యూరింగ్. ఫైబర్ మాత్రం బయట వద్దు. మన ఎండకు కొన్నేళ్లలో రంగు వెలిసి, పైపొర పగిలి, లోపలి పీచు బయటపడుతుంది. ఆ తర్వాత ప్రతి రెండేళ్లకూ పెయింటు వేయాలి, చందాలు మళ్లీ అడగాలి.

స్థలం విషయం. రోడ్డు మధ్యలో, సెంటర్‌లో పెట్టాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాలనీ ఉమ్మడి స్థలంలో, పంచాయతీ తీర్మానం రాయించుకుని పెట్టండి. చెట్టు నీడ ఉన్న చోటైతే మేలు, జనం కూర్చుంటారు. శిలాఫలకం మీద నాయకుల పేర్లు అడుగుతారు. అది వేరే రాయి మీద, వేరే చోట పెట్టండి. గడప మీద, పలకల మీద మాత్రం ఊరి వాళ్ల పేర్లే ఉండాలి.

రాయి కొనే ముందు మట్టితో రెండడుగుల నమూనా చేయించండి. చేసినవాళ్లే మెచ్చుకుంటే సరిపోదు. దాన్ని కాలనీలో అరుగు మీద వారం రోజులు పెట్టి, ఎవరు ఏమన్నా ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ముఖ్యంగా డెబ్బై దాటిన ఆడవాళ్లు ఏమంటారో వినండి. మూట ముడి అలా వేయరని, బిడ్డను ఆ చంకన ఎత్తుకోరని వాళ్లే చెబుతారు. నా మూడో పని ఎంతో కొంత నిలబడిందంటే అలా విన్నందుకే. అందులో మగమనిషి చేతిలో నేను తాళంచెవి పెట్టాను. ఒకామె చూసి, "తలుపే తెచ్చుకున్నాక తాళంచెవి ఎందుకు, ఆ చేతిలో పిల్లోడి పుస్తకాల సంచి పెట్టు" అంది. పెట్టాను. ఇప్పుడు అక్కడికి వెళ్లే పిల్లలు ముందు ఆ సంచినే ముట్టుకుంటారు. నునుపుదేలింది.

మీరు రాయి చూడటానికి వచ్చేటప్పుడు ఒక రోజు ముందు చెప్పండి, నేను క్వారీకి తోడు వస్తాను. వచ్చేటప్పుడు గుమ్మం కొలతలు తీసుకురండి: లోపలి ఎత్తు, వెడల్పు, గడప మందం, గడప మధ్యలో అరుగుదల ఎంత లోతు ఉందో ఒక స్కేలు అడ్డంగా పెట్టి చూసి. గుమ్మం ఇచ్చిన ఇంటి పెద్దను కూడా వెంట తీసుకురండి. అరుగుదల ఎటువైపు ఎక్కువ ఉండేదో వాళ్లకే గుర్తుంటుంది.